లోపలి మాట – మూడో పాఠం: అది మనల్ని ఏమని పిలుస్తుంది?

గత పాఠంలో శ్వాసను ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమన్నాను. ఏ నాలుగు దగ్గరో లెక్క తప్పినవారు నిరుత్సాహపడనక్కరలేదు. లెక్కను తప్పించిన ఆ లోపలి మాటే ఈ పాఠానికి విషయం. దాన్ని ఆపాలని ఇప్పుడు చూడం, అది పలికే తీరును మాత్రం పట్టుకుంటాం.

ప్రాచీన సంస్కృత వ్యాకరణ తాత్త్వికుడు భర్తృహరి వాక్కును వైఖరి, మధ్యమ, పశ్యంతి అని మూడుగా చెప్పాడు. పైకి వినిపించేది వైఖరి. శబ్దం రాకపోయినా లోపల పదాలు వరుసగా నడిచేది మధ్యమ. ఇంకా పదాలుగా విడిపోని భావం పశ్యంతి. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ రచన 1934లో వెలువడింది; పిల్లలు ఆడుకుంటూ తమలో తాము పైకి చెప్పుకునే మాటలే వయసుతోపాటు లోపలికి మళ్ళి, కర్తను వదిలేసి, కుదించుకుపోయి అంతర్వాక్కు అవుతాయని ఆయన అందులో వివరించాడు. అందుకే ఇల్లు దాటాక మనలో 'నేను గ్యాసు కట్టేశానా' అన్న పూర్తి వాక్యం పుట్టదు, 'గ్యాసు!' అన్న ఒక్క మాట చాలు.

ఇక సాధన. విశాఖ ఆర్కే బీచ్‌లో ముంత మసాలా బండ్లు చేరే సాయంత్రం కాకుండా, తెల్లవారుజామున ఒక పక్కగా పది నిమిషాలు కూర్చోండి. తొట్లకొండ అయితే మరీ మంచిది. బౌద్ధ భిక్షువులు నీటి కోసం తొలిపించిన రాతి తొట్ల వల్లే ఆ కొండకు ఆ పేరు వచ్చింది. ధ్యాస శ్వాస మీద ఉంచి, మాట లేచినప్పుడు 'అనుకోవడం' అని ఒకసారి గుర్తించి, తిరిగి శ్వాసకు రండి. లేచాక గుర్తున్న మూడు మాటలను, మెరుగులు దిద్దకుండా, ఉన్నవి ఉన్నట్టు రాయండి. 'నేను' అందా, 'నువ్వు' అందా, 'ఒరేయ్', 'ఏమే' అని పిలిచిందా? 'మీరు' అనడం నేను ఇలా రాసుకునే నోటు పుస్తకంలో ఇంతవరకు ఒక్కసారీ కనబడలేదు.

అయితే కూర్చుని వెతికితే, వెతకడమే మాటలను పుట్టించవచ్చు. అమెరికాలో మనస్తత్వవేత్త రసెల్ హర్ల్‌బర్ట్ 1970లలోనే దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు: జేబులోని చిన్న యంత్రం చెప్పాపెట్టకుండా మోగుతుంది, మోగడానికి సరిగ్గా ముందు క్షణంలో మనసులో ఏముందో రాయాలి. తలలో ఎప్పుడూ మాటలే ఉంటాయని నమ్మినవారిలో కొందరికి అక్కడ బొమ్మో, ఒట్టి అనుభూతో దొరికింది. మనకు యంత్రం అక్కరలేదు, ఇంట్లోవాళ్ళను రోజుకు మూడుసార్లు, వేళ చెప్పకుండా, మిస్డ్ కాల్ ఇమ్మనండి.

ఒక హెచ్చరిక. మాట బయటినుంచి వినబడుతున్నట్టున్నా, హాని చేసుకోమని ఆజ్ఞాపిస్తున్నా ఈ సాధన ఆపి, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్ళండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయండి.

వారం రోజుల కాగితాలు దాచి ఉంచండి. వాటిలో 'నువ్వు' ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడంతో నాలుగో పాఠం మొదలవుతుంది.