ఫైర్‌ప్లేస్‌కి ఇటుక క్లాడింగ్: మేస్త్రీ రాకముందే చూసుకోవాల్సినవి

బెంగళూరు చలి డిసెంబరు, జనవరిల్లోనే గట్టిగా ఉంటుంది. అప్పటికి ఫైర్‌ప్లేస్ చుట్టూ గోడకి పలుచటి ఇటుక పలకలు అంటించి (క్లాడింగ్ అంటే ఇదే) ముస్తాబు చేయాలనుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

• పలకల వెనక ఏముంది? ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన బోర్డు) ఉంటే పీకించేయండి. ఇటుక కాలదు గానీ వేడిని ఆపదు. వెనకున్న చెక్క ఏళ్ల తరబడి వేడెక్కి, లోలోపలే మాడి, చివరికి అంటుకోవచ్చు. సిమెంట్ బోర్డో, ఇటుక గోడో ఉండాలి. ‘ఏం కాదు సార్’ అనే కాంట్రాక్టర్ మాట ఇక్కడ మాత్రం వినకండి.

• మంట నోటికీ చెక్క అలంకరణకీ మధ్య కనీసం 150 మి.మీ. ఖాళీ ఉండాలి. మంట నోటికి పైనుండే చెక్క షెల్ఫ్ ముందుకు పొడుచుకొస్తే ఇంకా ఎక్కువ.

• పెయింట్, పుట్టీ మీద అంటించొద్దు. 15 మి.మీ. మందం పలకలు చదరపు మీటరుకు దాదాపు 30 కిలోలు తూగుతాయి. జిగురు గట్టిదే, ఊడేది పుట్టీ. ప్లాస్టర్ కనబడేదాకా గీకించండి.

• పాలిమర్ కలిసిన సిమెంట్ జిగురే వాడండి. డబ్బాలో వచ్చే రెడీమేడ్ పేస్ట్ వేడికి మెత్తబడుతుంది.

• మంట మండే గూడు లోపల ఈ పలకలు వద్దు, పగులుతాయి. అక్కడ ఫైర్‌బ్రిక్ (బాగా వేడిని తట్టుకునే ఇటుక) మాత్రమే.

• గ్యాస్, ఎలక్ట్రిక్ యూనిట్ అయితే గాలి రంధ్రాలు మూయకండి.

• గోడ మూలల్లో వాడే పలకలు ముందే తెప్పించండి. మూడు నాలుగు పెట్టెల్లోని పలకలు కలిపి వాడితే రంగు తేడా కొట్టొచ్చినట్టు కనబడదు.

• సిమెంట్ ఆరడానికి 28 రోజులు ఆగి, మొదట చిన్న మంటే పెట్టండి. తడి ఉండగా పెద్ద మంట వేస్తే పలకల మధ్య సందుల్లోని సిమెంట్ చిట్లుతుంది.