నంబర్ పోర్ట్ పెట్టిన దగ్గర్నుంచి నెట్ వచ్చేదాకా ఏం చెయ్యాలి

మా నాన్నగారి నంబర్ వేరే నెట్‌వర్క్‌కి మార్పించాం, పోర్ట్ అయితే సాఫీగానే అయిపోయింది, కాల్స్ వస్తున్నాయి, సిగ్నల్ ఫుల్లుగా ఉంది, నెట్ మాత్రం రాదు. రెండ్రోజులు సిమ్ తీయడం పెట్టడం, తీయడం పెట్టడం. చివరికి చూస్తే ఎప్పుడో నేనే చేత్తో కొట్టి పెట్టిన పాత ఏపీఎన్ (ఫోన్‌ని కంపెనీ నెట్‌కి కలిపే సెట్టింగ్) అలాగే కూర్చుని ఉంది!

ముందు పోర్ట్ సంగతి. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో 90 రోజులు పూర్తయి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉండకూడదు. సిమ్ పోయిందనో పాడైందనో ఈమధ్యే కొత్తది తీసుకుంటే 7 రోజులు ఆగాలి, ఈ రూల్ 2024 జులై 1 నుంచి వచ్చింది. ఇంగ్లీష్‌లో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి మీ పదంకెల నంబర్ రాసి 1900కి ఎస్‌ఎంఎస్ పంపండి, పోర్ట్‌కి కావాల్సిన 8 అక్షరాల యూపీసీ కోడ్ వస్తుంది. మన దగ్గర అది 4 రోజులే పనిచేస్తుంది కాబట్టి షాపుకి వెళ్లేరోజే తెప్పించుకోండి, ఫోన్ చేసి అడిగినవాళ్లకి మాత్రం చచ్చినా చెప్పొద్దు. ఆధార్ పట్టుకెళ్తే కొత్త సిమ్ ఇస్తారు. పోర్ట్ అవ్వడానికి అదే సర్కిల్‌లో (టెలికాం వాళ్లు విడగొట్టుకున్న ఏరియా) అయితే 3 పనిదినాలు, వేరే సర్కిల్ అయితే 5. రాష్ట్రం రెండయినా టెలికాం లెక్కలో ఆంధ్రా, తెలంగాణ ఇంకా ఒకటే సర్కిల్. పాత సిమ్‌లో మిగిలిన బ్యాలెన్స్ మాత్రం కొత్తదానికి రాదు, అందుకని ముందురోజు పెద్ద రీచార్జ్ చేయించకండి.

పాత సిమ్‌లో సిగ్నల్ పోయాక కొత్తది వెయ్యండి. చాలా ఫోన్లు ఏపీఎన్ వాటంతట అవే తెచ్చుకుంటాయి. రాకపోతే సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి యాక్సెస్ పాయింట్ నేమ్స్ తెరిచి ప్లస్ గుర్తు నొక్కండి. పేరు దగ్గర ఏదైనా రాసుకోవచ్చు, ఏపీఎన్ గడిలో మాత్రం కంపెనీ చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి: బీఎస్‌ఎన్‌ఎల్‌కి బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్, జియోకి జియోనెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్.

ఇక అందరూ తికమకపడేది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, అథెంటికేషన్ దగ్గర. మామూలు సిమ్‌కి ఈ మొదటి రెండూ ఖాళీగా వదిలేయండి, మీ వైఫై పాస్‌వర్డో మెయిల్ ఐడీనో రాయకండి, మనం ఫలానా అని నెట్‌వర్క్‌కి రుజువు చేసేది సిమ్ లోపలున్న రహస్య కీ. ఆఫీసువాళ్లు ఇచ్చే ప్రైవేట్ ఏపీఎన్‌లకి మాత్రం పేరు, పాస్‌వర్డ్ ఉండొచ్చు. అప్పుడు అథెంటికేషన్ దగ్గర పీఏపీ, సీహెచ్ఏపీ అనే రెండు పద్ధతుల తేడా చూసుకోవాలి, మొదటిది పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు పంపేస్తుంది, రెండోది నెట్‌వర్క్ అడిగిన ప్రశ్నకి పాస్‌వర్డ్‌తో లెక్కగట్టిన జవాబు మాత్రమే పంపుతుంది. వాళ్లు ఏది చెప్తే అది పెట్టండి. మన మామూలు సిమ్‌కి అక్కడ నన్ (None) అని ఉంచితే చాలు.

పైన మూడు చుక్కలు నొక్కి సేవ్ చెయ్యడం మర్చిపోతారు చాలామంది, వెనక్కి వచ్చేస్తే కొన్ని ఫోన్లలో కొట్టిందంతా పోతుంది. తర్వాత కొత్త ఏపీఎన్ పక్కనున్న గుండ్రం బటన్ ఎంచుకుని, ఫ్లైట్ మోడ్ ఒకసారి వేసి తీయండి. లిస్టులో ఐఎంఎస్ అని కనిపిస్తే దాని జోలికి పోవద్దు, 4జీ కాల్స్ నడిచేది దాని మీదే.

డాంగిల్ (సిమ్ వేసి వైఫై ఇచ్చే చిన్న పరికరం) అయితే దాని వైఫైకి కనెక్టయి బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి (కొన్నిటికి 192.168.8.1, వెనకాల స్టిక్కర్ మీద ఉంటుంది), ప్రొఫైల్ మేనేజ్‌మెంట్‌లో కొత్త ప్రొఫైల్ చేసి దాన్నే డీఫాల్ట్‌గా పెట్టాలి. డయల్ నంబర్ అడిగితే *99#. కొత్త సిమ్ వేయగానే అన్‌లాక్ కోడ్ అడిగిందంటే మాత్రం అది పాత కంపెనీకి లాక్ చేసిన డాంగిల్, ఏపీఎన్ ఎన్నిసార్లు మార్చినా పనిచెయ్యదు.