'రాము బుక్', 'మై టూ బ్రదర్స్ ఆర్': సరిహద్దు బడుల్లో ఈ తప్పులు ఎందుకొస్తాయి, ఎలా సరిచేయాలి

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. 'ఎవరిది' అని ఇంగ్లిషులో చెప్పబోయి వాళ్లు చేసే తప్పులు ఎక్కువగా ఈ రెండు భాషల్లోంచే వస్తాయి. మందూ అక్కడే దొరుకుతుంది.

సమస్య: 'రాము బుక్' అని రాస్తారు. అపాస్ట్రఫీ, ఎస్ రెండూ ఎగిరిపోతాయి.
కారణం: తెలుగులో 'రాము పుస్తకం' అంటే సరిపోతుంది. మాటల్లో ఎవరూ అనని 'యొక్క'ను పట్టుకుని నేర్పితే పిల్లలకు ఎక్కదు.
పరిష్కారం: ఒడియా సాయం తీసుకోండి. బోర్డు మీద 'రాముర బహి' రాసి, 'ర'ను ఎర్ర సుద్దతో దిద్దండి. సరిగ్గా దాని కిందే ఇంగ్లిషు మాట రాసి, అపాస్ట్రఫీ ఎస్‌నూ ఎర్ర సుద్దతోనే పెట్టండి. రాయించే ముందు పలికించండి: రాముజ్, రోహిత్స్, సురేషిజ్. చివరి శబ్దాన్ని బట్టి మూడూ మూడు రకాలు. మొదటి వారం మనుషుల పేర్లే చాలు, బల్ల కాలు, ఇంటి తలుపు జోలికి పోవద్దు.

సమస్య: 'మై టూ బ్రదర్స్ ఆర్'.
కారణం: తెలుగులో 'నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు', ఒడియాలో 'మోర దుయి భాయి అఛంతి'. రెండు భాషల్లోనూ 'ఉండటం' ఉంది గానీ 'హ్యావ్'కు సాటి క్రియ లేదు. అసలు చిక్కంతా ఇదే, దీనికి ఎక్కువ రోజులు కేటాయించండి.
పరిష్కారం: 'నాకు అన్న ఉన్నాడు', 'నా దగ్గర పెన్ను ఉంది' పక్కపక్కన రాసి, రెండూ 'ఐ హ్యావ్'తోనే మొదలవుతాయని చూపండి. అది కుదిరాకే 'హ్యాజ్'. 'నాకు' కనిపించిన ప్రతిచోటా 'హ్యావ్' పెట్టేస్తారు, జాగ్రత్త: 'నాకు ఆకలిగా ఉంది' అంటే 'ఐ యామ్ హంగ్రీ'. 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' వినబడితే అక్కడికక్కడే దిద్దండి.

సీత తమ్ముణ్ణి 'హిజ్ బ్రదర్' అంటే, ఒడియా 'తార' ఆడా మగా ఇద్దరికీ ఒకటే కావడం వల్ల కావచ్చు. ఇక్కడ తెలుగు ఆదుకుంటుంది: అతని, ఆమె.

ఒక్క పిల్లే 'అవర్ ఫాదర్' అంటే అది మన 'మా నాన్న'. 'మాట్లాడేది ఎంతమంది?' అని అడగండి. ఒక్కరే అయితే 'మై'.

'మై', 'మైన్'కు ఒక పీరియడ్ చాలు. 'నా', 'నాది' తేడా పిల్లలకు ముందే తెలుసు.

'ఇట్స్' మాత్రం అప్పుడే వద్దు. అపాస్ట్రఫీ అంటే 'ఎవరిది' అని మనమే నేర్పి ఉంటాం, ఇక్కడేమో అపాస్ట్రఫీ లేనిదే 'దాని', ఉన్నది 'ఇట్ ఈజ్'. పేర్లు తడబడకుండా రాసేదాకా ఆగండి.