చంద్రగిరి నిలిచి ఉంటే: ప్రత్యామ్నాయ చరిత్ర రాసే పద్ధతి

విజయనగరాన్ని గురించి ఊహాచరిత్ర రాయబూనేవారు చాలామంది 1565 నాటి తళ్ళికోట యుద్ధాన్ని గెలిపించడంతోనే మొదలుపెడతారు. నేనూ తొలిసారి అదే చేశాను. పది పుటలైనా నిండకముందే నా చేతిలో మరో మహాసామ్రాజ్యం తయారైంది కానీ, కూలిన సామ్రాజ్యంలో మిగిలిన తునకరాజ్యం మాత్రం కనిపించలేదు. కనుక ఓటమిని ఓటమిగానే ఉంచి, పెనుకొండ నుంచి చంద్రగిరికి, అక్కడి నుంచి వేలూరుకు రాజధానిని మార్చుకున్న విజయనగరపు చివరి రాజవంశం అరవీటివారి కాలంలో మలుపును వెతకండి.

నా దృష్టిలో ఆ మలుపు 1614. అరవీటి రాజు వేంకటపతిరాయలు మరణించగానే వారసత్వపు తగవు రేగింది; ఆస్థాన ప్రభువుల్లో ఒకడైన జగ్గరాయుడు కొత్త రాజు శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చంపించగా, అతనికి ఎదురు నిలిచిన యాచమనాయకుడు తప్పించిన రామదేవుడనే రాజకుమారుడొక్కడే మిగిలాడు. ఈ తగవును తేల్చిన తోపూరు యుద్ధంలో తంజావూరు నాయకుడు రామదేవుని పక్షాన, మధుర, జింజి నాయకులు జగ్గరాయుని పక్షాన నిలవడంతో, కప్పం కట్టవలసిన నాయకులే రాజును ఎంచే స్థితికి వచ్చారు. ఆ హత్య జరగలేదనుకోండి. ఒక్క మార్పు చాలు. రెండోది చేర్చితే అది కథకుని మొండితనమే అవుతుంది.

తరువాత ఖజానా లెక్క చూడండి. ఇలాంటిదే మరో తునకరాజ్యం, 1204లో బైజాంటైన్ సామ్రాజ్యం నుంచి పుట్టిన ట్రెబిజాండ్, కొండల చాటున, నల్లసముద్రపు వర్తకం మీద బతుకుతూ ఆ సామ్రాజ్యపు రాజధాని కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమయ్యాక కూడా 1461 వరకు నిలిచింది. చంద్రగిరికి కొండ ఉంది కానీ రేవు లేదు. అందుచేత తీరంలోని పులికాట్ రేవు సుంకం రాజుకు ఎంత దక్కుతుందో, 1639లో చెన్నపట్టణం ఆంగ్లేయులకు ఏ షరతులపై ఇస్తారో ముందే తేల్చుకోవాలి.

ఇక గోల్కొండ. నిజ చరిత్రలో 1646లో చంద్రగిరి గోల్కొండ సుల్తానుల వశమైంది. మీ కథలో కప్పం కట్టి నిలబడవచ్చు, అయితే 1687లో గోల్కొండనే ఔరంగజేబు గెలుచుకున్నాక ఆ కప్పం ఎవరికి చేరాలి? ఈ చిక్కును యుద్ధవర్ణనతో దాటవేయకండి. వేంకటపతిరాయల నాణేలపై ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’ అని ఉండేది. రాజమహల్ మెట్ల మీద ఒక కరణం కొత్త వరహాను ఎండకు తిప్పి, ఆ అక్షరాలు ఉన్నాయో, ఢిల్లీ పాదుషా పేరు వచ్చిందో చూసుకునే ఘట్టాన్ని ముందుగా రాయండి. మిగిలిన అధ్యాయాలు అక్కడి నుంచి వెనక్కు అల్లుకోవచ్చు.