ఉమామూసుమే శిక్షణ, రెండో పాఠం: జూనియర్ ఏడాదిలో ముందు బాండ్, తర్వాతే అంకెలు

ఉమామూసుమే అంటే అసలు రేసు గుర్రాల పేర్లున్న అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి పరిగెత్తించే జపనీస్ వీడియో గేమ్. మొదటి పాఠంలో సకురా బకుషిన్ ఓని ఎంచుకుని, వెంట ఆరు సపోర్ట్ కార్డులు, అంటే ట్రైనింగ్‌లో తోడుగా వచ్చే పాత్రలు, పెట్టుకున్నాం: మూడు స్పీడ్, రెండు విట్ (తెలివి), ఒకటి పవర్. కొత్తవాళ్లకు ఈమెనే ఎందుకు ఇచ్చామో మరోసారి చెప్పుకోవాలి. జపాన్‌లో పరిగెత్తిన అసలు బకుషిన్ ఓ 1993లోనూ 1994లోనూ స్ప్రింటర్స్ స్టేక్స్ గెలిచింది. 1400 మీటర్లు, అంతకు తక్కువ దూరాల్లో 12 సార్లు పరిగెత్తి 11 సార్లు గెలిచిన గుర్రం. ఆటలోనూ అదే స్వభావం: స్ప్రింట్ (తక్కువ) దూరానికి ‘A’ గ్రేడు, స్పీడ్ ట్రైనింగ్‌లో 20 శాతం అదనపు లాభం. 3000 మీటర్లు పరిగెత్తించాల్సిన పని లేదు కాబట్టి స్టామినా బెంగ తగ్గి, శిక్షణ ఎలా నడుస్తుందో నేర్చుకోవడానికి తీరిక దొరుకుతుంది.

కెరీర్ మూడేళ్లు. నెలకు రెండు టర్న్‌ల చొప్పున 72 టర్న్‌లు, ఆ తర్వాత ఫైనల్ రేసులు. ఈ పాఠం మొదటి 24 టర్న్‌ల గురించే, అంటే జూనియర్ ఏడాది గురించే.

ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడతారు. స్పీడ్ గుర్రం కదా అని మొదటి టర్న్ నుంచీ స్పీడ్ బటనే నొక్కుతారు. డిసెంబరుకల్లా స్పీడ్ అంకె బాగానే కనిపిస్తుంది. మరుసటి ఏడాది వేసవి నాటికి అదే గుర్రం వెనకబడిపోతుంది. కారణం బాండ్.

ప్రతి సపోర్ట్ కార్డు పక్కనా, దానితో మన గుర్రానికి బాండ్ (స్నేహం) ఎంత బలపడిందో చూపే గేజ్ ఒకటి ఉంటుంది. ఆ కార్డు ఉన్న ట్రైనింగ్ చేసిన ప్రతిసారీ గేజ్ 7 పెరుగుతుంది. 80కి చేరితే రంగు నారింజకు మారుతుంది. అప్పటినుంచి ఆ కార్డు తన సొంత విభాగంలో కనిపించినప్పుడు, అంటే స్పీడ్ కార్డు స్పీడ్ ట్రైనింగ్‌లోకి వచ్చినప్పుడు, ఫ్రెండ్‌షిప్ ట్రైనింగ్ జరుగుతుంది. ఇంద్రధనుస్సు మెరుపు వచ్చేది అప్పుడే. మామూలు ట్రైనింగ్ దానితో ఏ రకంగానూ పోటీ పడలేదు. ఇలాంటి రెండు కార్డులు ఒకే చోట కలిస్తే, ఆ ఒక్క టర్న్‌లో వచ్చేది జూనియర్ ఏడాదిలో నాలుగైదు టర్న్‌లు కష్టపడి తెచ్చుకున్నదానికి తక్కువ కాదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. గేజ్ 25తో మొదలయ్యే కార్డు 80 దాటాలంటే 8 సార్లు కలవాలి. సున్నాతో మొదలయ్యేది 12 సార్లు. ఆరు కార్డులకూ సగటున 8 వేసుకున్నా 48 కలయికలు. 24 టర్న్‌లలో డెబ్యూ రేసుకు ఒకటి, విశ్రాంతికి నాలుగు, మూడ్ కోసం ఒకటి తీసేస్తే ట్రైనింగ్‌కు మిగిలేవి 18. అంటే ప్రతి ట్రైనింగ్‌లోనూ దాదాపు ముగ్గురు ఉండాలి. అంత అదృష్టం ఎప్పుడూ పట్టదు. మధ్యలో వచ్చే కార్డు ఈవెంట్లు కొంత బాండ్ కలుపుతాయి గానీ, లోటంతా పూడ్చవు. కాబట్టి ఆరింటినీ డిసెంబరుకల్లా నారింజ చేయాలని పట్టుబట్టకండి. మూడు స్పీడ్ కార్డులు ముందు, విట్ కార్డులు తర్వాత, పవర్ చివర. ఆ క్రమం మారకూడదు.

ఒక టర్న్ చూద్దాం. ఉన్నవి అయిదు ట్రైనింగ్‌లు, కార్డులు ప్రతి టర్న్‌లోనూ వాటి మధ్య మారుతుంటాయి. ఎనర్జీ 72. స్పీడ్‌లో ఒక విట్ కార్డు. పవర్‌లో రెండు స్పీడ్ కార్డులు, ఒక పవర్ కార్డు. గట్స్‌లో ఒక స్పీడ్ కార్డు. స్టామినా, విట్ ఖాళీ. పవర్ నొక్కాలి. స్పీడ్ అంకె ఆ టర్న్‌లో పెరగకపోయినా ఒకేసారి మూడు గేజ్‌లు కదులుతాయి, మొత్తం 21. పైగా ఎంతమంది కలిస్తే అంత, మనిషికి 5 శాతం చొప్పున ఆ ట్రైనింగ్ లాభం కూడా పెరుగుతుంది. మరి రెండు చోట్ల ఇద్దరిద్దరు ఉంటే? ఎక్కడ గేజ్ ఖాళీగా ఉన్న స్పీడ్ కార్డు ఉందో అటు వెళ్లాలి. 80 దాటినవాళ్లను బాండ్ లెక్కలోంచి తీసేయండి. నారింజ గేజ్ ఉన్న కార్డు వేరే విభాగంలో నిలబడితే, దానికోసం పరిగెత్తడం దండగ.

ఇదంతా సాగాలంటే ఎనర్జీ ఉండాలి. మామూలుగా గరిష్ఠం 100. స్పీడ్, స్టామినా, పవర్, గట్స్ ఏది చేసినా మొదటి స్థాయిలో 20 దగ్గర ఖర్చవుతుంది. విట్ ఒక్కటే ఖర్చు లేకపోగా 5 తిరిగిస్తుంది. అందుకే డెక్‌లో రెండు విట్ కార్డులు పెట్టించాం. ఎనర్జీ తక్కువగా ఉన్న రోజు వాళ్లిద్దరూ విట్‌లో కనిపిస్తే, విశ్రాంతి టర్న్ ఒకటి మిగిలినట్టే.

విశ్రాంతి నొక్కితే 30 గానీ, 50 గానీ, 70 గానీ వస్తుంది. ఎక్కువగా వచ్చేది 50. ఎనర్జీ 60 ఉన్నప్పుడు విశ్రాంతి తీసుకుంటే 50 వచ్చినా 10 నేలపాలవుతుంది. 30, 45 మధ్యకు దిగాక నొక్కడం మంచిది. 30 పడినప్పుడు నిద్రలేమి స్థితి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అది ఉన్నన్నాళ్లూ అప్పుడప్పుడు ఎనర్జీ 10 చొప్పున కారిపోతుంది. ఇలాంటి స్థితి కనబడగానే వైద్యశాలకు పంపండి. అక్కడ 20 ఎనర్జీ కూడా వస్తుంది కాబట్టి ఆ టర్న్ పూర్తిగా వృథా కాదు.

ఎనర్జీ సగానికి దిగాక బటన్ మీద విఫల శాతం కనిపించడం మొదలవుతుంది. విట్‌కు మాత్రం ఇంకా కిందికి దిగితేనే. 3, 4 శాతమైతే వెళ్లండి. 15 శాతం దగ్గర మూడు కార్డులు పిలుస్తున్నా జూనియర్ ఏడాదిలో వెళ్లొద్దని మా గట్టి సలహా. విఫలమైతే పోయేది ఆ ఒక్క టర్న్ మాత్రమే కాదు. ఆ విభాగం అంకె తగ్గుతుంది, మూడ్ పడిపోతుంది, దాన్ని లేపడానికి ఇంకో టర్న్ షికారుకు తీసుకెళ్లాలి. ఒక్కోసారి ట్రైనింగ్‌లో తడబడే స్థితి అంటుకుని, తర్వాతి ప్రతి ట్రైనింగ్‌లోనూ విఫల శాతం పెరుగుతుంది. ఇలా ఒక్క నొక్కుతో మూడు టర్న్‌లు పోతాయి.

మూడ్ అయిదు మెట్లు. పై మెట్టులో ట్రైనింగ్ లాభం 20 శాతం పెరుగుతుంది, దాని కింద 10, మధ్యలో మార్పు లేదు, ఆ కింద 10, 20 శాతం కోత. కెరీర్ మధ్య మెట్టుతో మొదలవుతుంది. మొదటి పది టర్న్‌లలో లాభాలే చిన్నవి కాబట్టి, మూడ్ కోసం మంచి టర్న్ వదులుకోవద్దు. అయితే కార్డులన్నీ చెల్లాచెదురై, ఎక్కడా ఒక్కరికి మించి లేని టర్న్ ఒకటి తప్పకుండా వస్తుంది. షికారు అప్పుడు. మధ్య మెట్టు కంటే కిందికి పడితే మాత్రం ఆలస్యం చేయొద్దు.

డెబ్యూ రేసు జూన్ రెండో సగంలో వస్తుంది, అంతకు ముందు 11 టర్న్‌లు దొరుకుతాయి. బకుషిన్ ఓకి ముందుండి పరిగెత్తే శైలి పెట్టండి. పైన చెప్పినట్టు నడిస్తే ఓడే అవకాశం తక్కువ. ఓడితే గెలవనివాళ్ల రేసులో మొదటి స్థానం తెచ్చుకునేదాకా పెద్ద రేసుల తలుపు తెరుచుకోదు. ఆటలో దొరికే అలారం గడియారం అనే వస్తువు ఉంటే ఇక్కడే వాడి మళ్లీ పరిగెత్తించడం నయం.

డిసెంబరులో 1600 మీటర్ల అసాహి హై ఫ్యూచ్యూరిటీ కనిపించి ఊరిస్తుంది. మైలు దూరానికి ఈమెది ‘B’ గ్రేడే. స్పీడ్ కార్డుల గేజ్‌లు ఇంకా ఖాళీగా ఉంటే దాన్ని వదిలేయండి.

ఇంకొక్క చిన్న సంగతి. ఏ విభాగంలోనైనా నాలుగు ట్రైనింగ్‌లకు ఒక స్థాయి పెరుగుతుంది. స్థాయి పెంచాలని, ఏ కార్డూ లేకపోయినా స్పీడ్ బటన్ నొక్కేవాళ్లున్నారు. అది అక్కర్లేదు. రెండో ఏడాది జులై, ఆగస్టుల్లో వేసవి శిబిరం వస్తుంది. ఆ నాలుగు టర్న్‌లూ అన్ని విభాగాలూ అయిదో స్థాయిలోనే ఉంటాయి. నారింజ గేజ్‌లతో అక్కడికి చేరడానికే జూనియర్ ఏడాదిని ఇలా వాడుతున్నాం.

అభ్యాసం: ఒక కెరీర్ మొదలుపెట్టి డిసెంబరు రెండో సగం దగ్గర ఆపండి. కాగితం మీద ఆరు కార్డుల గేజ్‌లు, ఎనర్జీ, మూడ్ రాయండి. ఎన్ని విశ్రాంతులు తీసుకున్నారో, వాటిలో ఎన్ని 50కి పైన ఎనర్జీ ఉండగా తీసుకున్నవో కూడా రాయండి. స్పీడ్ కార్డుల్లో కనీసం రెండు నారింజలో లేకపోతే ఆ కెరీర్ వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. జనవరి మొదటి టర్న్‌లో కొత్త సంవత్సరపు ఈవెంట్ వచ్చి మూడు దారులు చూపిస్తుంది. వాటిలో 20 ఎనర్జీ ఎప్పుడు తీసుకోవాలో, స్కిల్ పాయింట్లు ఎప్పుడు తీసుకోవాలో మూడో పాఠం అక్కడినుంచే మొదలవుతుంది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.