పీహెచ్‌సీ పేషెంట్ల అనుభవం మీద క్వశ్చనైర్ తయారు చేసి టెస్ట్ చేయడం ఎలా

పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, వచ్చిన ఓ పెద్దమ్మని "ఇక్కడ సేవలు సంతృప్తిగా ఉన్నాయా అమ్మా" అని అడిగి చూడండి, "బానే ఉందయ్యా" అంటుంది. రెండు గంటలు చెట్టు కింద కూర్చున్నా, షుగర్ మాత్రలు పది రోజులకే ఇచ్చి పంపినా అదే జవాబు, ఎందుకంటే మళ్ళీ అక్కడికే రావాలి కదా. అందుకే నచ్చిందా అని అడగొద్దు, ఏం జరిగిందో అడగండి. "డాక్టర్ గారు చూసేదాకా ఎంతసేపు ఆగారు", "రాసిన మందుల్లో ఏవైనా బయట కొనాల్సి వచ్చిందా", ఇలాంటివాటికి మొహమాటం తక్కువ, పైగా ఆ జవాబుతో అక్కడ ఏదైనా మార్చొచ్చు.

ఏమేం అడగాలి అంటే ప్రాథమిక వైద్యం మీద పరిశోధన చేసిన అమెరికన్ డాక్టర్ బార్బరా స్టార్‌ఫీల్డ్ దానికి చెప్పిన నాలుగు విషయాలు మంచి ఆధారం: ముందుగా అక్కడికే వెళ్ళగలుగుతున్నారా, ఎప్పుడూ తెలిసినవాళ్ళే చూస్తూ కొనసాగింపు ఉందా, అవసరమైనవన్నీ అక్కడ దొరుకుతున్నాయా, పెద్దాసుపత్రికి రాస్తే ఆ సంగతి మళ్ళీ ఇక్కడివాళ్ళకి తెలుస్తోందా. ఆవిడ టీమ్ చేసిన పీక్యాట్ (ప్రైమరీ కేర్ అసెస్‌మెంట్ టూల్) అనే క్వశ్చనైర్ చాలా దేశాల్లో వాడుతున్నారు, కానీ దాన్ని అలాగే తెలుగు చేస్తే సరిపోదు. క్లినిక్ మూసేసినప్పుడు ఫోన్ చేయడానికి నంబర్ ఉందా అని అందులో ఉంటుంది, మన దగ్గర రాత్రి జ్వరం వస్తే జనం ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. కాబట్టి రాసే ముందే ఓ 15, 20 మందితో తీరిగ్గా మాట్లాడండి, పీహెచ్‌సీకి రావడం మానేసినవాళ్ళతో కూడా. మైదాన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీ కింద సుమారు 30,000 మంది ఉండాలని లెక్క, ఓపీ లైన్లో కనపడేది అందులో కొద్దిమందే.

భాష దగ్గరే ఎక్కువ టైం పెట్టండి. "గోప్యత పాటించారా" అంటే ఎవరికీ అర్థం కాదు, "మీరు డాక్టర్‌కి చెప్పుకున్నది పక్కన నిలబడ్డవాళ్ళకి వినపడిందా" అంటే వెంటనే చెప్తారు. "డాక్టర్ మీ మాట విని, మందులు ఎలా వాడాలో చెప్పారా" అనేది రెండు ప్రశ్నలు, విడగొట్టండి. ఇంకోటి, "డాక్టర్ మిమ్మల్ని ముట్టుకుని చూడలేదా" అని అడిగితే "అవును" అన్నా "లేదు" అన్నా చూడలేదనే అర్థం రావచ్చు, తెలుగులో ఈ చిక్కు ఉంది, ఇలా "చూడలేదా", "ఇవ్వలేదా" అని ముగిసే ప్రశ్నలు అసలు పెట్టొద్దు. తెలంగాణలో దవాఖాన, గోలీలు, సూది అంటారు, కోస్తాలో ఆస్పత్రి, మాత్రలు, ఇంజెక్షన్, ఏ జిల్లాకి వెళ్తే ఆ మాట. "గత 6 నెలల్లో" బదులు "సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా" అంటే గుర్తుచేసుకోవడం తేలిక. జవాబులు కూడా చాలా సంతృప్తి, సంతృప్తి అని కాకుండా ప్రతిసారీ, చాలాసార్లు, ఎప్పుడో ఒకసారి, ఒక్కసారీ లేదు అని పెట్టండి, నాకు ఆ అవసరం రాలేదు అనే ఆప్షన్ మాత్రం మర్చిపోవద్దు.

ఇప్పుడు టెస్టింగ్. ముందు ఎథిక్స్ కమిటీ పర్మిషన్. తర్వాత 10 మందికి ఒక్కో ప్రశ్న చదివి "నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి" అనండి. నా అనుభవంలో ఈ స్టెప్ లేకుండా చేసిన ఏ క్వశ్చనైరూ నిలబడలేదు. తడబడిన ప్రశ్నలు మార్చి ఇంకో పది మందితో మళ్ళీ చేయండి. అడిగేది ఆశా వర్కరో ఏఎన్ఎమ్మో అయితే నిజం బయటికి రాదు, బయటి మనిషి ఇంటి దగ్గర అడగాలి.

తర్వాత పెద్ద పైలట్, అంటే అసలు సర్వేకి ముందు ట్రయల్, మామూలుగా ప్రశ్నకి 5 నుంచి 10 మంది చొప్పున తీసుకుంటారు, అంటే 24 ప్రశ్నలుంటే 240 మంది దాకా. డేటా రాగానే ఏ ప్రశ్నకి ఖాళీలు ఎక్కువ, ఏ ప్రశ్నకి దాదాపు అందరూ "ప్రతిసారీ" అన్నారు చూడండి, అలాంటిది ఏ తేడానీ చూపించదు, తీసేయొచ్చు. ఒకే విషయం మీద ఉన్న ప్రశ్నలకి క్రాన్‌బాక్ ఆల్ఫా (ఆ ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చెప్పే లెక్క) 0.7 దాటితే ఫర్వాలేదు, 0.95 దాటిందంటే అడిగిందే తిప్పితిప్పి అడుగుతున్నారేమో చూసుకోండి. ఓ 50 మందిని రెండు వారాలకి మళ్ళీ అడిగి జవాబులు కలుస్తున్నాయా చూడండి, ఈలోగా మళ్ళీ పీహెచ్‌సీకి వెళ్ళొచ్చినవాళ్ళని ఆ లెక్కలో కలపొద్దు, వాళ్ళ అనుభవమే మారిపోయి ఉండొచ్చు.