ఫ్రెంచ్ పలకడం రావాలంటే: విని, వెంటనే అనే పద్ధతి

ఫ్రెంచ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్ల నోటుపుస్తకం తెరిస్తే ఫ్రెంచ్ మాట కింద తెలుగులో ‘బోంజూర్’ అని కనిపిస్తుంది. దయచేసి అలా రాయకండి. హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) జూనియర్లకు నేను మొదట చెప్పే మాట ఇదే. నేనూ మూడు నెలలు అలాగే రాసుకున్నాను. నాలుకకు అలవాటైన తప్పులు దిద్దుకోవడానికి ఏడాది పట్టింది.

కావాల్సినవి ఫోను, ఇయర్‌ఫోన్లు, పెన్సిలు. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోవాలి. రెండో చెవితో మీ గొంతు మీరు వినాలి.

ముందు 30 సెకన్ల ఆడియో తీసుకోండి. మొదటి ఏడాదిలో పాఠ్యపుస్తకంతో వచ్చిన సంభాషణ చాలు. తర్వాత ఆర్‌ఎఫ్‌ఐ రేడియో తేలిక ఫ్రెంచ్‌లో ఇచ్చే 10 నిమిషాల వార్తల్లోంచి ఒక ముక్క. మూడుసార్లు ఊరికే వినండి. నాలుగోసారి ఆ ఆడియో పాఠం (రాసి ఉన్న మాటలు) చూస్తూ, తెలియని మాటలకు అర్థం రాసుకోండి.

ఇప్పుడు అసలు పని. పాఠం మూసేసి, ఆడియో ఆపకుండా, వినబడుతున్నదాన్ని ఒక్క క్షణం వెనకగా పైకి అనాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు.

ముక్కుతో పలికే అచ్చులు చూడండి. ‘ఒక మంచి తెల్ల వైన్’ అనడానికి ఫ్రెంచ్‌లో నాలుగు మాటలు, నాలుగూ అలాంటివే. వేరే దారి లేక ఇక్కడ తెలుగులో రాస్తున్నాను: అఁ బోఁ వెఁ బ్లాఁ. అది అరసున్నా. మనం నిండు సున్నా పలికేస్తాం, నాలుక పైకి తగులుతుంది, లేదా పెదాలు మూసుకుంటాయి. రెండూ జరగకూడదు. ఆటో అన్న ‘కాఁ జానా?’ (ఎక్కడికెళ్లాలి?) అని అడిగినప్పుడు ఆ ‘కాఁ’ ఎలా ముగుస్తుందో గమనించండి. హైదరాబాద్‌లో రోజూ చెవిన పడే ధ్వనే, కొత్తగా పుట్టించక్కర్లేదు.

ఇంకొకటి, ఫ్రెంచ్ మాటల్లో వీధికీ (rue) చక్రానికీ (roue) పలుకులో తేడా. చక్రం అంటే మన ‘రూ’కి దగ్గరగా పలకొచ్చు. వీధి అలా కాదు. ‘ఈ’ అని పట్టుకోండి, నాలుక కదపకుండా పెదాలు మాత్రం ‘ఊ’కి చుట్టండి. అద్దం ముందు చేయండి. జర్మన్ చదివేవాళ్లకూ ఇదే పనికొస్తుంది. ఇక బస్‌ని బస్సు చేసినట్టు ప్రతి మాట చివరా ‘ఉ’ తగిలించే అలవాటు మనది. ‘తో’ అనే అర్థమున్న ‘అవెక్’ (avec) అంటే ‘అవెక్’, ‘అవెక్కు’ కాదు.

తడబడితే ఆడియో ఆపకండి. పోయిన మాటను వదిలేసి తర్వాతి మాట అందుకోండి. ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ అంటే మాటలొస్తాయి గానీ లయ రాదు. యాప్‌లో రోజుకు 50 మాటలు బట్టీపట్టినవాళ్లు వైవాలో నోరు మెదపలేకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. మాటలు తెలుసు, వాటిని కలిపి పలికిన అలవాటే లేదు.

మెట్రోలో గొణుగుతూ చేస్తే లాభం లేదు. గది తలుపేసుకుని గొంతెత్తి, రోజుకు 15 నిమిషాలు, వారమంతా అదే ముక్క. మొదటి రోజు, ఏడో రోజు రికార్డు చేసి వరసగా వినండి. అరసున్నాలు ఇంకా నిండు సున్నాల్లా వినబడుతుంటే కొత్త ముక్కకు వెళ్లకండి, దీన్నే ఇంకో మూడు రోజులు చేయండి.